ఇంటి సౌదా ఖర్చు తగ్గాలంటే: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. ధరలు వారం వారం మారతాయి కాబట్టి, కింద కనిపించే రూపాయలు లెక్క ఎలా వేయాలో చూపడానికి పెట్టుకున్నవే. మీ ఊరి ధర వేసి చూసుకోండి.

నెలకు ఎంత సామాను కావాలో ఎట్లా తెలుస్తుంది?

చీటీ రాసే ముందు డబ్బాలు తెరిచి చూడాలి. చాలా ఇళ్లలో పోయిన నెల చీటీనే మళ్లీ రాస్తారు. అందుకే శనగపిండి మూడు పొట్లాలు పోగవుతాయి, జీలకర్ర మాత్రం ఉండదు. నలుగురున్న ఇంటికి బియ్యం రోజుకు కేజీ, అంటే నెలకు 30 కేజీలు. రాత్రి పూట జొన్నరొట్టె తినే ఇంట్లో 22 చాలు. పప్పులన్నీ కలిపి 4 కేజీలు, మంచినూనె మనిషికి అర లీటరు చొప్పున 2 లీటర్లు, ఉల్లిగడ్డ 8 నుంచి 10 కేజీలు. మీ లెక్క ఇంతకన్నా బాగా ఎక్కువ వస్తే, ముందు చూడాల్సింది నూనె.

సామాన్లను మూడు కుప్పలుగా విడదీయండి. ఏడాదికి ఒకసారి కొనేవి వడ్లు లేదా బియ్యం, కందులు, చింతపండు, ఎండుమిర్చి. నెలకోసారి కొనేవి నూనె, చక్కెర, చాయ్‌పత్తి, సబ్బులు. వారానికోసారి కూరగాయలు. నిజంగా డబ్బు మిగిలేది మొదటి కుప్పలోనే. సూపర్ మార్కెట్ ఆఫర్లన్నీ రెండో కుప్ప మీదే ఉంటాయి.

రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నాయి కదా, ఇంకా బియ్యం కొనాలా?

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 6 కేజీలు ఉచితం. నలుగురికి 24 కేజీలు. అంటే ఇంకో ఆరేడు కేజీలు కొంటే సరిపోతుంది, రొట్టె తినే ఇంటికి అదీ అక్కర్లేదు. కార్డులో పిల్లల పేరు ఎక్కకపోయినా, ఎవరిదైనా ఈకేవైసీ ఆగిపోయినా ఆ మనిషి కోటా పోయినట్టే. ముందు అది సరిచేసుకోండి.

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, అన్నం ముద్దవుతోందని. అది బియ్యం తప్పు కాదు, కొత్తదనం. కొత్త బియ్యానికి గ్లాసుకు ఒకటిన్నర నుంచి ఒకటిం ముప్పావు గ్లాసుల నీళ్లు చాలు. పాత బియ్యానికి పోసినట్టు రెండు పోస్తే ముద్దవుతుంది. గంజి వారిస్తే ఇంకా పొడిపొడిగా వస్తుంది. వీలుంటే రెండు నెలల కోటా వెనక పెట్టుకుని, పాతది ముందు వాడుతూ పోండి. బస్తా మీద నెల రాసి పెడితే తికమక ఉండదు.

బియ్యంలో అక్కడక్కడా వేరే రంగు గింజలు, నీళ్లలో తేలేవి కనిపిస్తే అవి ప్లాస్టిక్ కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన ఫోర్టిఫైడ్ గింజలు, వందకు ఒకటి చొప్పున కలిపినవి. ఏరి పారేయొద్దు. రేషన్ బియ్యాన్ని దళారికి అమ్మి, అదే రకాన్ని కిరాణంలో మూడింతల ధరకు కొనడం మాత్రం చట్టానికీ లెక్కకూ రెండింటికీ విరుద్ధం.

దుకాణంలో బియ్యం బస్తా 26 కేజీలు ఉంటోంది. ఎందుకు?

పన్ను వల్ల. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ముందే ప్యాక్ చేసిన 25 కేజీలు, అంతకన్నా తక్కువ బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. 26 కేజీల బస్తా ఆ హద్దు దాటిపోతుంది. విడిగా తూచి ఇచ్చేదానికీ పన్ను లేదు. అందుకని బస్తా ధర చూడొద్దు, కేజీ ధర చూడండి. 25 కేజీలు 1,400 అంటే కేజీ 56. 26 కేజీలు 1,430 అంటే కేజీ 55. విడి బియ్యం ఇదే రకం 54కు దొరికితే అదే మేలు, కాకపోతే కాంటా దగ్గర నిలబడి తూయించుకోవాలి.

రైతు దగ్గర వడ్లు కొని పట్టించుకుంటే మిగులుతుందా?

మిగులుతుంది, కానీ అందరూ అనుకున్నంత కాదు. తేమ లెక్క తెలియకపోతే నష్టమే వస్తుంది.

కోతమిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లలో తేమ 24 శాతం దాకా ఉంటుంది. పట్టించడానికి 14కు దిగాలి. క్వింటాల్ పచ్చి వడ్లు ఆరితే 88 కేజీలే మిగులుతాయి, 12 కేజీల నీళ్లకు మీరు డబ్బు కట్టినట్టు. కొనుగోలు కేంద్రంలో ఒప్పుకునే 17 శాతం తేమ వడ్లయితే 96 కేజీల పైన నిలుస్తాయి. అందుకే పచ్చి వడ్ల ధర, ఆరిన వడ్ల ధర ఒకే గాటన కట్టొద్దు.

ఇక ధర. 2025-26లో ‘ఏ’ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు, సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500. కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే 2,889 వచ్చే రైతు మీకు 2,500కు ఎందుకిస్తాడు? బంధువైనా ఆ ధర అడగడం బాగుండదు. 2,900కే కొన్నారనుకుందాం. రవాణా, హమాలీ, సంచులకు 250 వేసుకోండి. సన్నరకం గిర్నిలో క్వింటాల్‌కు 60 కేజీల మంచి బియ్యం వస్తే కేజీ 52 రూపాయల 50 పైసలు. ఆరు నెలలు నిల్వ ఉన్న అదే రకం మీ ఊళ్లో 58 ఉంటే, ఏడాదికి 3 క్వింటాళ్ల బియ్యం మీద 1,600 దాకా మిగిలింది. రేషన్ కోటా పూర్తిగా వచ్చే ఇంటికి ఇంత తతంగం అనవసరం. కార్డు లేని ఇంటికి, పెద్ద కుటుంబానికి పనికొస్తుంది.

ఏ పంట అన్నది కూడా ముఖ్యం. వానాకాలం పంటే కొనండి, నవంబర్, డిసెంబర్‌లో. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండలకు కోతకు వస్తాయి కాబట్టి గింజ లోపలే పగులుతుంది, గిర్నిలో నూకగా పోతుంది. మిర్యాలగూడ మిల్లుల వాళ్లు యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యానికి వాడేది ఇందుకే. బీపీటీ 5204 గానీ తెలంగాణ సోనా అని పిలిచే ఆర్ఎన్ఆర్ 15048 గానీ తీసుకుంటే పేరు మారి వచ్చే బెడద తక్కువ, ఊళ్లో అందరికీ తెలిసిన గింజలు కాబట్టి.

ఆరాయో లేదో తెలుసుకోవడానికి గింజ పంటికింద పెట్టండి. కటుక్కుమని విరగాలి, సాగితే ఇంకో రోజు ఆరబెట్టాలి. మండే ఎండలో పలచగా పోసి ఒక్క రోజులో ఆరబెట్టినా నూక పెరుగుతుంది. రెండు వేళ్ల మందాన పోసి, గంటగంటకూ కాలితో తిప్పుతూ రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఒకేసారి అన్నీ పట్టించొద్దు. వడ్లుగా ఉంటేనే పురుగు తక్కువ, రెండు నెలలకు సరిపడా పట్టించుకుంటే చాలు. గిర్నిలో పట్టించిన కూలీ కింద తవుడు, నూకలు వదిలేయమంటారా, డబ్బు తీసుకుని అవి మీకిస్తారా అన్నది ముందే మాట్లాడుకోండి. ఇంట్లో బర్రె ఉంటే రెండోదే లాభం.

కందిపప్పు కొనాలా, కందులు కొని పప్పు చేయించుకోవాలా?

కందులు కేజీకి 700 గ్రాముల చుట్టుపక్కల పప్పు అవుతుంది, మిగతాది పొట్టు, చూరు. కాబట్టి కందుల ధరను 1.45తో గుణించండి. కందులు 80 అయితే పప్పు 116 పడుతుంది. బజారులో పప్పు 118 ఉంటే శ్రమ దండగ. 135 ఉంటే చేయించుకోవచ్చు.

నారాయణపేట, కొడంగల్, తాండూరు వైపు కొత్త కందులు డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా వస్తాయి, కొనేది అప్పుడే. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. త్వరగా ఉడికి, గ్యాస్ కూడా కలిసొస్తుంది. అయితే ఆ పేరు రాసిన ప్రతి సంచిలో ఆ పప్పే ఉంటుందనుకోవద్దు. అరకేజీ తెచ్చి ఉడికించి చూశాకే ఎక్కువ కొనండి.

కొనేటప్పుడు అరచేతిలో పోసుకుని చూడండి. కందిబద్ద ఒకవైపు ఉబ్బి గుండ్రంగా ఉంటుంది. పలకలుగా, గొడ్డలి మొనలా కోసుగా ఉన్నవి కేసరి పప్పు, ఎక్కువ రోజులు తింటే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అద్దంలా మెరిసే పప్పుకు నూనె పాలిష్ పట్టించి ఉంటారు. ఆ మెరుపుకు డబ్బు పెట్టాల్సిన పని లేదు.

ఏడాదికి తెచ్చుకుంటే పురుగు పడుతుంది కదా?

పడుతుంది, తేమ ఉంటే. పప్పులను, పల్లీలను మంచి ఎండలో ఒక పూట ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి మరింత పాడవుతాయి. కందిపప్పుకు కేజీకి ఒక టీస్పూను ఆముదం చేత్తో పట్టిస్తే పురుగు గుడ్లు నిలవవు. పాలమూరులో ఆముదానికి కొదవ లేదు. వండేముందు వేడి నీళ్లతో కడిగితే వాసన పోతుంది.

బియ్యాన్ని మాత్రం ఎండలో పోయొద్దు. గింజ చిట్లి, వండితే నూక అన్నం అవుతుంది. పురుగు పట్టిన బియ్యాన్ని నీడలో పలచగా పరిచి జల్లెడ పట్టాలి. వేపాకు వేసేవారు నీడలో బాగా ఎండిన ఆకే వేయాలి, పచ్చి ఆకు వేస్తే దాని తేమే బియ్యాన్ని పాడుచేస్తుంది. బోరిక్ పౌడర్ కలపడం కొన్ని ఇళ్లలో అలవాటు. పిల్లలున్న ఇంట్లో అది అస్సలు వద్దు.

నూనె ప్యాకెట్ చవగ్గా కనిపిస్తోంది, నిజంగా చవకేనా?

వెనకవైపు గ్రాములు చూడందే చెప్పలేం. లీటరు వంటనూనె బరువు 910 గ్రాములు. పక్కనే అదే సైజు ప్యాకెట్ 850 గ్రాములే ఉండొచ్చు, ఇంకా తక్కువా ఉండొచ్చు. లీటరు ప్యాకెట్ 145 అంటే కేజీ 159. 850 గ్రాములది 138 అంటే కేజీ 162. ఏడు రూపాయలు తగ్గినట్టు కనిపించిందే ఖరీదు.

డబ్బాలోనూ ఇదే కథ. 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కేజీలు. 15 కేజీల డబ్బాలో 16 లీటర్లకు పైనే ఉంటుంది. మొదటిది 2,150, రెండోది 2,300 అయితే, కేజీకి 157.50, 153.30. అంటే 150 ఎక్కువ పెట్టిందే చవక. కానీ నెలకు 2 లీటర్లు వాడే ఇంట్లో డబ్బా ఏడు నెలలు తెరిచి ఉంటుంది. రెండు మూడు నెలలు దాటితే కమురు వాసన మొదలవుతుంది, పైగా డబ్బా నిండా ఉంటే చెయ్యి తేలిగ్గా వంగుతుంది. ముగ్గురు కలిసి పంచుకునేట్టయితేనే డబ్బా తెచ్చుకోండి.

ప్యాకెట్ మీద యూనిట్ ధర అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కేజీ లోపు ప్యాకెట్లకు అది గ్రాము లెక్కన ముద్రిస్తారు. దాన్ని 1,000తో గుణిస్తే కేజీ ధర వస్తుంది. షాపులో ఫోన్ తీసి ఇది ఒక్కటి చేస్తే సగం ఆఫర్లు తేలిపోతాయి.

గానుగలో పల్లినూనె పట్టించుకుంటే?

లీటరుకు రెండుంపావు నుంచి రెండున్నర కేజీల పల్లీలు కావాలి. పల్లీలు 130 అయితే గింజలకే 300 అటూఇటూ అయింది, గానుగ కూలీ వేరు. పల్లిచెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది. గానుగ నూనె దుకాణంలో కొనే అలవాటున్నవారికి ఇది లాభం. ప్యాకెట్ నూనె వాడేవారికి ఖర్చు రెండింతలవుతుంది. రుచి కోసమైతే సరే, పొదుపు కోసమైతే వద్దు.

చింతపండు, ఎండుమిర్చి ఎప్పుడు కొనాలి?

చింతపండు మార్చి, ఏప్రిల్‌లో. గింజ ఉన్నది కేజీ తీస్తే 600 గ్రాముల గుజ్జు నిలుస్తుంది. అంటే గింజ చింతపండు 90 అయితే, గింజ తీసింది 150 లోపు దొరికితే తీసిందే కొనండి. నలుగురికి ఏడాదికి 4, 5 కేజీలు. ఎండబెట్టి, కేజీకి పిడికెడు రాళ్ల ఉప్పు చల్లుతూ జాడీలో గట్టిగా నొక్కి పెట్టాలి. సత్తు గిన్నెలో, ఇనుప డబ్బాలో పెడితే పులుపు లోహాన్ని తినేస్తుంది. ఏడాది తిరిగేసరికి నల్లబడటం సహజం. నలుపు చూసి పారేయకండి, బూజు ఉంటే మాత్రం పారేయండి.

మిర్చి ఫిబ్రవరి మొదట్లో వచ్చిందాంట్లో తేమ ఎక్కువ, తూకం దండగ. మార్చి, ఏప్రిల్‌లో సరుకు వరదలా వచ్చినప్పుడు చూసి కొనాలి. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి, మడిస్తే విరగాలి. తేజ రకం కారం ఎక్కువ, కాబట్టి తక్కువ పడుతుంది. రంగు కావాలంటే కాస్త బ్యాడిగి కలుపుకోవాలి. ఇంటికి 3 కేజీలు సరిపోతాయి. తొడిమెలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి, ఆ రాయి మీద అంతకుముందు పసుపు పట్టలేదు కదా అని గిర్ని వాణ్ని అడిగి పట్టించుకోండి.

ఉల్లిగడ్డ బస్తా తెచ్చుకోవచ్చా?

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే యాసంగి గడ్డ అయితే తెచ్చుకోవచ్చు, నాలుగైదు నెలలు నిలుస్తుంది. వానాకాలం గడ్డ నెల కూడా ఆగదు, అది ఎంత చవకైనా వారానికి సరిపడానే కొనాలి. దేవరకద్ర మార్కెట్ యార్డులో బుధవారం ఉల్లి వేలం జరుగుతుంది, ధర 50 కేజీల బస్తా లెక్కన చెబుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఆటో ఖర్చు గిట్టుబాటవుతుంది.

బస్తా విప్పించి, మధ్యలో గడ్డ తీసి మెడ నొక్కి చూడండి. మెడ సన్నగా, ఎండిపోయి ఉండాలి. మెత్తగా ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టే. ఇంటికి తెచ్చాక బస్తాలోనే వదిలేస్తే అయిదో వంతు పోవచ్చు. గాలి తగిలే చోట గోనెపట్టా మీద పరవాలి, కుప్ప అడుగు ఎత్తు దాటకూడదు. ఆలుగడ్డ పక్కన పెడితే రెండూ పాడవుతాయి.

కూరగాయలకు అంగడి మేలా, రైతుబజార్ మేలా?

రైతుబజార్‌లో బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉంటుంది, పొద్దున పోతే మంచి సరుకు. వారం అంగడిలో చీకటి పడేముందు ధర దిగుతుంది, కానీ మిగిలేది ఏరుడు సరుకు. పుంటికూర, పాలకూర, టమాట పొద్దున్నే కొనండి. గుమ్మడి, ఆలుగడ్డ, క్యాబేజీ సాయంత్రం తీసుకున్నా ఏం కాదు. టమాట చలికాలం చివర్లో పడిపోయి, జూన్ నుంచి ఆగస్టు మధ్య ఎక్కువగా మండుతుంది. చవకగా ఉన్నప్పుడు ముక్కలు చేసి, ఉప్పు చల్లి ఎండబెట్టిన ఒరుగులు ఆ మూడు నెలలు పప్పులోకి పనికొస్తాయి. అప్పుడు పులుపుకు పుంటికూర, చింతచిగురు ఉండనే ఉన్నాయి.

కిరాణంలో ఉద్దెర పెట్టడం తప్పా?

తప్పు కాదు, కానీ ఉద్దెర ఉన్నచోట బేరం ఉండదు. కేజీకి రెండు రూపాయలు ఎక్కువ వేసినా నోరు మెదపలేరు. పుస్తకం మీ దగ్గర కూడా ఒకటి ఉండాలి, రాసింది రాసినట్టు రెండింట్లో ఉండాలి. పప్పులు, బియ్యం లాంటి పెద్ద సామాను నగదు మీద ఎక్కడ చవకైతే అక్కడ కొనండి. ఉద్దెర పాలప్యాకెట్, అగ్గిపెట్టెలకే ఉంచుకోండి.

పెరుగు ప్యాకెట్ మానేస్తే ఎంత మిగులుతుంది?

లీటరు పాలు తోడుపెడితే దాదాపు కేజీ పెరుగే. మీ ఊళ్లో కేజీ పెరుగు ప్యాకెట్ ధరలోంచి లీటరు టోన్డ్ పాల ధర తీసేస్తే మీకే తెలుస్తుంది. గట్టి పెరుగు కోసం ఖరీదైన ఫుల్‌క్రీమ్ పాలు అక్కర్లేదు. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలనే అయిదు నిమిషాలు సన్నసెగ మీద మరగనిచ్చి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడిలో తోడు వేస్తే చాలు. సల్ల తాగే ఇంట్లో టోన్డ్ పాలకన్నా ఎక్కువ కొనడం వృథా.

కోడి ధర బోర్డు మీద మూడు రకాలుగా ఉంటుంది, ఏది చూడాలి?

బతికిన కోడి కేజీకి స్కిన్‌లెస్ మాంసం 650 గ్రాముల దాకా వస్తుంది. కాబట్టి లైవ్ ధరను 0.65తో భాగించండి. లైవ్ 130 అయితే స్కిన్‌లెస్ 200 దగ్గర ఉండాలి. 230 అంటుంటే కోడిని తూయించి, కోయించుకోవడమే మేలు. అప్పుడు కందనకాయ, కార్జం కూడా మీ సంచిలోకే వస్తాయి.

తూకంలో మోసం ఎట్లా పట్టుకోవాలి?

సీలు తీయని లీటరు నీళ్ల సీసా సంచిలో వేసుకుని వెళ్లండి. నీళ్లు కేజీ, సీసా 20 గ్రాముల పైచిలుకు. కాంటా మీద పెడితే 1,020 నుంచి 1,030 మధ్య చూపాలి. 1,100 చూపితే కాంటాలో తేడా ఉంది. తూచేముందు తెర మీద సున్నా ఉందో లేదో, తట్ట బరువు తీసేశారో లేదో చూడండి. మిఠాయి దుకాణంలో అట్టపెట్టె బరువు మీ లెక్కలో పడనివ్వొద్దు.

ఎంఆర్‌పీ మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే, చల్లదనం చార్జీ అన్నా సరే. బిల్లు ఫొటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. రేషన్ షాపు మీద ఫిర్యాదుకైతే 1967. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి మీద 12 నుంచి 5కు తగ్గింది. పాత అట్ట మీద పాత ధరే ఉంటే తయారీ నెల చూసి, తగ్గిన ధర ఎంతో అడగండి.